కప్పతల్లికి నలభై గొంతులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కావలిలో అందరికీ తెలుసు. నలభై మందికి ఒకేసారి పాట నేర్పి చూడండి, మీకూ ఉంటుంది. చర్చిలో క్వయరు నాది. 1965లో ఆ క్వయరు చేత కప్ప పాట పాడించాను.

పాట నాది కాదు, కొడవలూరు ఆదిశేషమ్మది. ఆమె నాట్లు వేసే ఆడవాళ్ళకు పెద్ద. వానలు ముఖం చాటేసిన ఏడు వాళ్ళు రోకలికి వేపమండలు కట్టి, నడుమ ఒక కప్పను గుడ్డలో మూటగట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు కప్పతల్లి మీద నీళ్ళు పోయాలి. పొడిగా పంపితే ఊరంతటికీ చేటు. ఎందుకని ఆదిశేషమ్మను అడిగాను.

"వానదేవుడికి చెవుడమ్మా" అంది. "మన మాట ఆయనకి ఇనపడదు. కప్ప గొంతొకటే ఇనపడతాది."

ఆ మాటకి నా ఒళ్ళు ఝల్లుమంది. చర్చిలో మేము కీర్తనలు నాలుగు గొంతుల్లో పాడతాం. ఈ పాటనూ అలా విడదీస్తేనో? ఆడవాళ్ళ పైగొంతులు వాన, కిందిగొంతులు పొలం, మగవాళ్ళ రెండు గొంతులూ కప్పలు. మా క్వయరులోని క్రీస్తుదాసు బొంగురు గొంతుకి ఇన్నాళ్ళకు తగిన పని దొరికింది. సంఘ పెద్ద హెబ్రోనుగారు మాత్రం మండిపడ్డారు.

"కప్పకి కీర్తనేందమ్మా, రెబెక్కమ్మా?"

"కప్పని చేసింది దేవుడు కాదాండీ?" అన్నాను. మూడో వారానికి ఆయనే వచ్చి కప్పల వరసలో నిలబడ్డారు.

ఆదిశేషమ్మ పాట ఎత్తుకుంటే మా నలభై మందీ అందుకున్నారు. రేడియోవాళ్ళు రికార్డు చేసుకుని, శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు వేస్తామన్నారు. అదీ ఒక్కసారే. నాకు కావలసిందీ ఆ ఒక్కసారే. ఏడాదిపాటు చేతులూపి పాడించానే గాని, ఊరికే కూర్చుని ఆ పాట వినలేదు. చేతులూపేవాళ్ళకు తప్పులే వినబడతాయి, పాట వినబడదు.

"మా ఊర్లోనే ఇనాల" అని ఆదిశేషమ్మ పట్టుబడితే బస్సెక్కి కొడవలూరు వెళ్ళాను. ఆ ఏడూ వానల్లేవు. నారుమళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. పంచాయతీ ప్రెసిడెంటు కామాక్షయ్యగారు రేడియోను ఆఫీసు అరుగు మీదికి తెప్పించి, స్టూలు మీద గుడ్డ పరిచి పెట్టించారు. ఊరంతా చేరింది.

ఆరున్నర అయింది. ఆదిశేషమ్మ పేరు, నా పేరు చెప్పారు. తర్వాత ఆమె గొంతొక్కటే లేచింది.

"కప్పతల్లి వచ్చెనమ్మా, కడవ దించండి,
ఎండిన మడి అడుగుతాంది, ఇన్ని పొయ్యండి."

కప్పలు అందుకున్నాయి. క్రీస్తుదాసు ఉన్నాడు, హెబ్రోనుగారూ ఉన్నారు, అందరూ ఆ పెట్టెలో ఉన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇక పైగొంతులు రావాలి. వాన దిగే చోటు అది. నేను ఏడాదంతా కాచుకున్నది ఆ చోటు కోసమే.

దభాలున నీళ్ళ చప్పుడైంది. రేడియో గుర్రుమని ఠక్కున ఆగిపోయింది.

కళ్ళు తెరిచి చూస్తే పేరమ్మ అనే ముసలమ్మ కడవ వంచుకుని నిలబడి ఉంది. నీళ్ళు మోసుకుని ఆ దారినే ఇంటికి పోతోందట. రేడియో నిండా నీళ్ళు. కామాక్షయ్యగారు పరుగున పోయి ప్లగ్గు పీకి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"ఎంత పని చేశావు? నీకు బుద్ధుందా?" అని అరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఇక ఆ పాట వినే రాత నాకు లేదనుకున్నాను.

ముసలమ్మ బెదరలేదు. "కప్పతల్లి ఎదురొచ్చి అడగతా ఉంటే పొయ్యకుండా ఎట్ట పోయేదమ్మా? మా బాయి అడుగంటిపోయినాది. మైలు దూరం నించి తెచ్చినా. ఈ పూటకి మా ఇంటికి ఇయ్యే నీళ్ళు. అయినా పోసినా."

నేను పాడించిన పాటకు ఇంతకన్నా ఎవరేమిస్తారు? తిట్టినందుకు సిగ్గేసింది.

అప్పుడు ఆదిశేషమ్మ లేచింది. క్వయరుతో పాడీ పాడీ నాలుగు గొంతులూ ఆమెకు వచ్చేశాయి.

"మగోళ్ళు ఇట్ట రాండి, మీరు కప్పలు. ప్రెసిడెంటన్నా, నువ్వు గూడా. నాట్లోళ్ళు పొలం. పడుచుపిల్లోళ్ళు నా ఎనక రాండి, మీరు వాన."

రేడియో ఆగిన చోటునుంచే ఎత్తుకుంది. అలవాటుకొద్దీ నా చేతులు లేచాయి. ఆమె పాడుతూనే వచ్చి వాటిని కిందికి దించేసింది.

విన్నాను. శ్రుతి అడుగడుక్కీ జారింది. కామాక్షయ్యగారు తాళం తప్పారు. వాన మాత్రం దిగాల్సిన చోట దిగింది. ఊరి గొంతంతా ఒక్కసారిగా పైకి లేచేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత సంతోషం అంతకుముందు ఎరగను.

పాట అయ్యాక పేరమ్మ నా దగ్గరికి వచ్చింది. కడవ అడుగున చెంబెడు నీళ్ళు మిగిలినట్టున్నాయి, తీసుకొచ్చి నా నెత్తిన గుమ్మరించింది.

"కప్పతల్లిని పిలుచుకొచ్చినదానివి నువ్వే గదా" అంది. "నిన్ను మాత్రం పొడిగా పంపిస్తానా?"