లేని మొక్కు

మంగళవారం చేపల పులుసు వండి అందరికీ వడ్డించాను. చివరికి నా కంచం పెట్టుకోగానే మా అత్తయ్య సుభద్రమ్మ నా చేతిలోంచి గరిటె లాగేసుకుంది.

"నీకొద్దే అమ్మడూ. అమ్మోరికి మొక్కుకున్నావు గదేటి! మంగళారం నీసు ముడితే తప్పు."

పక్కనే మా ఆయన తల ఎత్తలేదు. ముల్లు తీస్తున్న వేళ్లు మాత్రం ఆగాయి.

ఆ మొక్కు సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఆదివారం లాప్‌టాప్‌లో ఖాళీ పేజీ తెరిచి టైపు చేసి, వెంటనే చెరిపేశాను. అసలు నాకలాంటి మొక్కే లేదు.

పెళ్లికి ముందు నేను కొనుక్కున్న లాప్‌టాప్ అది. "స్లో అయిపోనాది, బాగు సేయిస్తాను" అని ఆయన గరివిడి తీసుకెళ్లి తెచ్చినప్పటి నుంచి, ఊరికే ఉంచినా వేడెక్కుతోంది. మధ్యాహ్నానికే నెట్ అయిపోతోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఎప్పుడూ వినని పేరుతో ప్రోగ్రామ్ ఒకటి పనిచేస్తూ కనిపించింది. ఇన్‌స్టాల్ చేసినవాటి జాబితాలో మాత్రం ఆ పేరు లేదు. అయినా, నేను టైపు చేసేదంతా ఆయనకు చేరుతోందంటే నమ్మబుద్ధి కాలేదు. కిందటి నెల భోగాపురంలో ఆపరేటర్ ఉద్యోగానికి దరఖాస్తు సగం రాసి చెరిపేశాను. ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూనే ఆయన, "ఏటే, భోగాపురం బస్సెక్కుదావనా? ఇంట్లో నీకేటి తక్కువయినాది?" అన్నాడు. నా మొహంలోనే అన్నీ కనిపిస్తాయేమోనని నన్నే తిట్టుకున్నాను. అందుకే ఈసారి లేని మొక్కు రాసి చూశాను. ఆయన తల్లికి చెప్పాడు. అమ్మవారి విషయం కనుక ఆవిడ దాచలేకపోయింది.

"అవునత్తయ్యా, మరిసిపోనాను," అని పచ్చడి వేసుకుని తిన్నాను.

బుధవారం ఆ ప్రోగ్రామ్‌ను తీసేయబోయి ఆగిపోయాను. తీసేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుస్తుంది. కొత్త పేజీలో, "ఉద్యోగం ఆలోచన మానేశాను. ఇల్లే నాకు బాగుంది" అని రాశాను.

సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. "ఇప్పుడు దారికొచ్చినావే," అని నవ్వాడు. ఆ రోజంతా నేనాయనతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

పూలు పెట్టుకున్నాను.

గురువారం పాలకు వెళ్లినప్పుడు, చేత్తో రాసిన భోగాపురం దరఖాస్తు పక్కవీధి అనూరాధ వదినకిచ్చాను. తన ఫోన్‌లో ఎక్కిస్తూ అడిగింది, "నీ నంబరు రాయలేదేటే?"

"ఆ ఫోను నా ఒక్కదానిదే కాదొదినా. నీదే ఎయ్యి."

ఆమె తన నంబరే కొట్టింది. ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచి, ఆయన కోసం ఆ రోజు పేజీ మొదలుపెట్టాను.