రెండు ఆషాఢాలు

రేఖను పుట్టింటికి పిలుచుకొచ్చిన రోజు శాంతిపురం బస్టాండులో మా మరిది నారాయణప్ప ఆమె అత్తగారు తులసమ్మకు ఒక మాట ఇచ్చాడు. "ఆషాఢం పోతానే పంపిస్తామమ్మా" అన్నాడు. తులసమ్మ తల ఊపింది. బస్సు కదిలింది. ఏ ఆషాఢమని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఏడు, అంటే తొంభై ఆరులో, ఆషాఢాలు రెండు వచ్చాయి.

రేఖ మా చెల్లెలు విజయమ్మకూ నారాయణప్పకూ కూతురు. పుంగనూరులో మా ఇళ్లు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. వైశాఖంలో పెళ్లి చేశాం. పిల్లవాడు జయచంద్ర శాంతిపురం దగ్గర గ్రానైటు రాళ్లకు పాలిషు పట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తులసమ్మ ఆవులను మేపి, పాలు పోసి వాణ్ణి పెంచింది. పెళ్లిలో చూశాను, వాడు తల ఎంత దువ్వినా వెంట్రుకల్లో ఎక్కడో ఒకచోట తెల్లటి రాతిపొడి మిగిలే ఉండేది. రేఖ దాన్ని కొంగుతో తుడవబోయి, అందరూ చూస్తున్నారని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆషాఢంలో కొత్త కోడలూ అత్తా ఒకే గడప లోపల కలిసి ఉండకూడదు. అల్లుడు అత్తవారి గుమ్మం తొక్కకూడదు. ఇది అందరికీ తెలిసిందే. కానీ కొన్నేళ్లకొకసారి పంచాంగంలో ఒక నెల రెండుసార్లు వస్తుంది. మొదటిది అధికం, రెండోది నిజం. అధికమాసం లెక్కలోకి రాదని కొందరు, వస్తుందని కొందరు. నారాయణప్పకు మదనపల్లెలో టమోటా మండీ ఉంది. అక్కడి పురోహితుణ్ణి అడగకుండా ఆయన గోడకు మేకు కూడా కొట్టడు. ఆ పురోహితుడు, ఈ విషయంలో పెద్దలు రెండు రకాలుగా చెప్పారు, ఎందుకైనా మంచిది, రెండు నెలలూ విడిగా ఉంచండి అన్నాడట. ఎందుకైనా మంచిది అనే మాట అంటే నాకు భయం. ఆ మాట అన్నవాళ్లకు ఎప్పుడూ ఏ నష్టమూ రాదు.

తులసమ్మ ఇంట్లో క్యాలెండరు లేదు. ఆమె నెలలను చంద్రుణ్ణి చూసి లెక్క పెట్టేది. ఆవు చూలు కట్టినప్పటి నుంచి ఈనేదాకా అన్నీ అమావాస్యలతోనే. ఆ లెక్క ఆమెకు ఎన్నడూ తప్పలేదు. కోడలు పుట్టింటికి పోయిన తరువాత ఒక అమావాస్య వచ్చి వెళ్లింది. ఇంకేముంది, నెల పోయినట్టే. కొడుక్కు తలంటి పోసి, పెళ్లాన్ని పిలుచుకు రమ్మని పంపించింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ తుంపర పడుతూనే ఉంది. జయచంద్ర తలమీద ఒక ప్లాస్టిక్ కవరు కప్పుకొని, చేతిలో పాలకోవా డబ్బాతో వచ్చాడు. నవ్వుతూ మెట్టు ఎక్కబోయాడు. లోపలి నుంచి విజయమ్మ గట్టిగా అంది.

"ఆడే ఉండు నాయనా. గడప తొక్కొద్దు."

వాడు ఎత్తిన కాలు అలాగే దించాడు. నారాయణప్ప బయటికి వచ్చి, పోయింది అధికమని, అసలు ఆషాఢం ఈ పొద్దే పుట్టిందని వివరించాడు. వాడు విన్నాడు. వానలో తడుస్తూ కాసేపు ఆలోచించాడు.

"ఆషాఢానికి ఇంకో ఆషాఢం పుట్టిందా మామా? మా ఆవులు నయం, ఏడాదికి ఒకసారే ఈనేది" అన్నాడు.

వీధిలో నవ్వు లేచింది. పక్కింటి గంగులప్ప ఊరుకోలేదు. "అల్లుణ్ణి వీధిలో నిలబెట్టిన మామను నిన్నే సూస్తాండా నారాయణప్పా" అని అరుగు మీద నుంచే అన్నాడు. నారాయణప్ప ముఖం ముడుచుకుంది. శాస్త్రం నేను రాసిందా అని గొణిగాడు.

నేను వాణ్ణి మా అరుగు మీద కూర్చోబెట్టాను. తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను. సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి పెడితే సగమే తిన్నాడు. తల బరువుగా ఉంది పెద్దత్తా, వారం నుంచి ఒళ్లు నొప్పులు అన్నాడు. నుదురు ముట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఈ రాత్రికి మా ఇంట్లో పడుకుంటాడు, నా గడప అత్తగారి గడప కాదు గదా అని నారాయణప్పను అడిగాను. పెద్దత్త కూడా అత్తే అన్నాడు ఆయన. పైగా పిల్ల ఎదురింట్లోనే ఉంది, ఈ వీధి వెడల్పు ఎంత, ఎందుకైనా మంచిది, చివరి బస్సుకు పంపించేయమన్నాడు.

రేఖ వాళ్ల గుమ్మంలో నిలబడింది. వాడు మా అరుగు మీద ఉన్నాడు. వీధికి అటూ ఇటూ ఉండి, అందరూ వింటుండగా మాట్లాడుకున్నారు.

"ఎర్రావు ఈనింది" అన్నాడు వాడు.

"కోడెనా, పెయ్యా?"

"పెయ్య. అమ్మ దానికి నీ పేరే పెట్టింది."

"నా పేరు యాల?"

"పుట్టి పుట్టంగానే నన్ను తన్నింది."

రేఖ నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నెల పేరు సెప్పొద్దు. తేదీ సెప్పు" అన్నాడు.

ఆమె లోపలికి పోయి క్యాలెండరు చూసి వచ్చింది. "ఆగస్టు పదహైదు."

"జెండా పండగ. ఫ్యాక్టరీకి సెలవే. బస్టాండులోనే ఉంటా."

పలమనేరు బస్సుకు వెళ్లిపోయాడు. కోవా డబ్బా మా అరుగు మీదే మరిచాడు. వాణ్ణి వెనక్కి పిలవాలని నోటిదాకా వచ్చింది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఊరుకున్నాను. మా ఆయన కూడా ఒక బస్సు ఎక్కి పోయి మళ్లీ రానివాడే.

ఇంటికి చేరిన కొడుకు చెప్పింది విని తులసమ్మ నవ్వలేదట. ఊళ్లో పంచాంగం ఉన్న ఇంటికి పోయి అడిగిందట. వాళ్లు కూడా అదే చెప్పారు. అంటే అసలైన ఆషాఢం మొదటి రోజున, తన చేతులతో తలంటి పోసి, తనే కొడుకును అత్తగారి గుమ్మానికి పంపించింది. ఆ మర్నాటి నుంచి వాడికి జ్వరం పెరిగింది. మాత్రలు వేసుకుంటే తగ్గేది, పనికి పోతే మళ్లీ వచ్చేది. తులసమ్మకు ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానమే లేదు. తన లెక్క తప్పడం వల్లనే వచ్చింది. ఇదంతా మాకు తరువాత తెలిసింది. అప్పుడు మాకు ఎవరూ కబురు చెప్పలేదు. చెబితే పిల్ల నెల మధ్యలో పరుగెత్తుకు వస్తుందని ఆమె భయం.

ఆషాఢం చివరి వారంలో, మధ్యాహ్నం, మా వీధి చివర ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది. నారాయణప్ప మదనపల్లెలో ఉన్నాడు. నేనూ రేఖా పోయాం. తులసమ్మ పక్కింటి కొండప్ప కుప్పం నుంచి మాట్లాడాడు. జయచంద్రకు జ్వరం తలకెక్కింది, ఆస్పత్రిలో పెట్టాం, పిల్ల పేరే పలవరిస్తున్నాడు అన్నాడు. తులసమ్మకు చెప్పకుండా ఫోను చేస్తున్నానన్నాడు. ఎప్పుడు రమ్మంటావప్పా అని అడిగాను. "బిరీన, ఈ పొద్దే" అని పెట్టేశాడు.

విజయమ్మ మాత్రం, ఇంకా నెల పోలేదు, ఆయన వచ్చేదాకా ఆగండి అంది. వచ్చాక ఆయన పురోహితుణ్ణి అడుగుతాడని ఆమెకూ తెలుసు. రేఖ రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. నేను చెప్పులు వేసుకున్నాను. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి పొమ్మనలేదు, వద్దనలేదు.

పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటాక రేఖ అడిగింది.

"పెద్దమ్మా, ఆస్పత్రి గడప ఎవరి గడప?"

ఎవరిదీ కాదన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు.

అది కుప్పంలో ఒక చిన్న ఆస్పత్రి. జయచంద్ర ఉన్న గదికి ముందొక తలుపు, వెనక నీళ్లతొట్టి వైపు ఒక తలుపు. తులసమ్మ మంచం పక్కన కూర్చొని వాడి అరికాళ్లు రుద్దుతోంది. గుమ్మంలో రేఖను చూసి చటుక్కున లేచింది.

"ఆడే నిలబడు. నేను బయటికి పోయేదాకా లోపలికి రావద్దు" అంది.

కోపంగా అన్న మాట కాదు అది. భయంతో అన్నది. వెనక తలుపు నుంచి బయటికి పోయి, తొట్టి పక్కన గోడకు ఆనుకొని తుంపరలోనే కూర్చుంది. అప్పుడు రేఖ లోపలికి వచ్చింది. నేను తులసమ్మ దగ్గరికి పోయి, ఇంత బాధలో ఇవన్నీ ఎవరు చూస్తారు, లోపలికి రమ్మన్నాను.

"ఒకసారి లెక్క తప్పినా వదినా. ఇంగొగసారి తప్పను" అంది. తల ఎత్తలేదు.

లోపల జయచంద్ర కళ్లు తెరిచాడు. మనిషిని గుర్తు పట్టడానికి కొంచెంసేపు పట్టింది. రేఖ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"నెల పోయిందా?" అని అడిగాడు.

"పోయింది" అంది రేఖ.

"నిజం ఆషాఢమూ?"

"రెండూ పోయినాయి."

వాడి ముఖం తేట పడింది. కళ్లతో గది అంతా వెతికాడు.

"మరి అమ్మ యాడ?"

నెల పోతే అమ్మ ఇక్కడే ఉండాలి గదా. రేఖ నా వైపు చూసింది. నేను వెనక తలుపు దగ్గరికి పోయి, తులసమ్మా, నిన్ను అడుగుతున్నాడు అని పిలిచాను. ఆమె అప్పటికే లేచి నిలబడింది. కానీ గడప దగ్గర ఆగిపోయింది.

"దాన్ని ముందర తలుపు నుంచి బయటికి పొమ్మను. అప్పుడు వస్తా."

రేఖ వింది. వాడి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకుంది. ఇప్పుడే వస్తా, అత్తను పిలుచుకొస్తా అని చెప్పి ముందు తలుపు వైపు నడిచింది. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లడానికి కాసేపు పట్టింది. బయట తులసమ్మ కాళ్లకు అంటిన బురద కడుక్కోవడానికి కాసేపు పట్టింది. వాడి ఊపిరి ఒకసారి పెద్దగా వచ్చింది. మళ్లీ రాలేదు. భార్య ఒక గడప అవతల, తల్లి ఇంకో గడప అవతల. మంచం దగ్గర ఉన్నది నేనే, వాడికి ఏమీ కాని ముసలిదాన్ని.

తడి కాళ్లతో తులసమ్మ లోపలికి వచ్చి చూసింది. నర్సును పిలవలేదు, ఏడవలేదు. ముందు గుమ్మం వైపు తిరిగి, "లోపలికి రా రేఖా. ఇంక ఏ నెలయితే ఏమి" అంది.

కర్మలు శాంతిపురంలో జరిగాయి. ఆ రోజుల్లోనే అమావాస్య వచ్చి పోయింది. పోయినట్టు ఎవరమూ గమనించలేదు. అత్తాకోడళ్లు ఒకే వాకిట్లో పాలు పిండారు, ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకున్నట్టు నేను చూడలేదు. రాత్రిళ్లు పక్కపక్కన పడుకునేవాళ్లు, అంతే.

పెద్దకర్మ అయ్యాక నారాయణప్ప కూతుర్ని తీసుకుపోతానన్నాడు. పిల్లకు ఇరవై ఏళ్లు, ఈడ ఉండి ఏం చేస్తుంది అని నాతో చాటుగా అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. తులసమ్మ అడ్డు చెప్పలేదు. బస్టాండు దాకా మాతో నడిచి వచ్చింది. బస్సు వచ్చింది. నారాయణప్ప రేఖ సంచి తీసుకొని ముందే ఎక్కాడు, ఆయన వెనకే నేనూ ఎక్కాను. రేఖ మెట్టు మీద కాలు పెట్టినప్పుడు తులసమ్మ కిటికీ దగ్గరికి పోయింది.

"ఎప్పుడు పంపిస్తావన్నా?"

"కొన్నాళ్లు పోనీమ్మా" అన్నాడు నారాయణప్ప.

"కొన్నాళ్లంటే?"

ఆయన డ్రైవరు వైపు చూశాడు. పంపించడని మా అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. రేఖ వైపు తిరిగింది.

"నువ్వు సెప్పు. ఎప్పుడొస్తావు?"

"నువ్వు రమ్మన్నప్పుడు వస్తా అత్తా" అంది రేఖ. బయలుదేరేటప్పుడు ఎవరైనా అనే మాటే.

"అయితే ఇప్పుడే రమ్మంటాండా."

కండక్టరు ఎక్కమని తొందర పెట్టాడు. రేఖ తండ్రిని చూసింది. నన్ను చూసింది. ఆమె మెట్టు మీది నుంచి కాలు తీసి కిందికి దిగింది. సంచి లోపలే ఉండిపోయింది. నారాయణప్ప దాన్ని కిటికీలో నుంచి ఇవ్వబోయేలోగా బస్సు కదిలింది.

పుంగనూరు చేరేటప్పటికి పొద్దు వాలింది. విజయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వీధి చివరి దాకా చూసింది. పిల్ల యాడ అని అడిగింది. అక్కడ ఉంటానంది, వస్తుందిలే అన్నాను.

"ఎప్పుడొస్తాది?"

నారాయణప్ప ఆ సంచిని అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కొని లోపలికి పోయాడు.