కొమ్ము ఎగిరిపోయిన మాట

"ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలుపులు కొడతావు. లోపల కుక్కుంటుందో, కోపిష్టి మనిషుంటాడో, ఏ కష్టంలో ఉన్నవాళ్ళుంటారో! నాకు గుండె పీచుపీచుమంటోందిరా."

సోమవారం ఫోనులో అమ్మ అన్న మొదటి మాట ఇది. వారంలో ఆ ఒక్క రోజే ఇంటికి మాట్లాడేది. బట్టలుతుక్కోవడం, గది ఊడ్చుకోవడం కూడా ఆ రోజే. కుర్రాడు బకెట్లో చొక్కాలు నానబెడుతూ "ఏం కాదులేమ్మా" అన్నాడు. ఏం కాదన్నప్పుడే ఏదో ఒకటవుతుందని ఏ తల్లినడిగినా చెబుతుంది.

కుర్రాడికి పందొమ్మిదేళ్ళు. మోర్మన్ అనే క్రైస్తవ చర్చి వాళ్ళు ఇంటింటికీ తిరిగి బోధించే రెండేళ్ళ సేవకి పంపితే వచ్చాడు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ. బిళ్ళ మీద పేరుకి ముందు 'ఎల్డర్' అని ఉంటుంది, అంటే పెద్దాయన అని. అతనికి జోడీగా ఇచ్చిన పొడుగాయన వేరే దేశం వాడు, భాష నేర్చుకుంటూ మూడు వారాలయింది. ఒకరి కంటిచూపు నుంచి ఒకరు తప్పిపోకూడదన్నది వాళ్ళ నియమం.

మంగళవారం ఒక మేడ మెట్ల దగ్గర ఇస్త్రీ ఆయన వాళ్ళని ఆపాడు.

"మీసం సరిగా మొలవలేదు, పెద్దాయనట! టీ తాగుతారా?"

"మేం తాగమండీ."

"పోనీ కాఫీ?"

"అదీ తాగమండీ. మా చర్చిలో కూడదు."

"మరి గాలి పీల్చి బతుకుతారా నాయనా?"

నవ్వుకుంటూ మెట్లెక్కారు. మొదటి తలుపు కుట్టుపనావిడది. లోపల మిషను టకటకా మోగుతోంది. "ఈసారి నువ్వే మాట్లాడు" అని కుర్రాడు పొడుగాయన్ని ముందుకు తోశాడు. పాపం, పళ్ళు తోముకుంటూ కూడా వల్లెవేసిన మాటే. మెడలో టేపు వేసుకుని ఆవిడ తలుపు తీసింది. పొడుగాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మొహం గంభీరంగా పెట్టి చెప్పాడు.

"అమ్మా, మీకు శవవార్త తెచ్చాం."

శుభవార్త అనబోయాడు. కొమ్ము ఎగిరిపోయింది, భ కాస్తా వ అయి కూర్చుంది. కుర్రాడు "కాదండీ" అనేలోపే తలుపు పడింది, గడియా పడింది. మిషను మళ్ళీ మోగలేదు.

ఇస్త్రీ ఆయన విని తల పట్టుకున్నాడు. "ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. లారీ తోలుతూ వెళ్ళాడు, రెండు రోజులుగా ఫోన్ లేదు. టైలు కట్టుకుని మీరిద్దరూ గుమ్మంలో నిలబడితే లారీ కంపెనీ వాళ్ళనుకుని ఉంటుంది. పైగా ఆ మాటొకటి!"

బుధవారం వెళ్ళి తలుపు కొట్టారు. "మాట తప్పుగా పలికాడండీ, అంతే" అని కుర్రాడు గొంతు చించుకున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సర్దిచెప్పడానికి వచ్చారనుకుందేమో. ఇస్త్రీ ఆయన ఆవిడకి ఫోన్ చేసి చూస్తే ఆపేసి ఉంది.

"మోగితేనే కదా వినాల్సింది" అన్నాడాయన.

వినకపోతే జరగనట్టే. తల్లులకి అదో లెక్క.

గురువారం ఒక మంగలాయన ఇంట్లో పాఠం చెబుతూ కుర్రాడు మధ్యలో మాట మరిచిపోయాడు. శుక్రవారం వేరే వీధంతా తిరిగి, సాయంత్రానికి మళ్ళీ ఆ మెట్ల దగ్గరే తేలారు. పొద్దున్నే గుమ్మంలో పెట్టిన పాలపాకెట్టు లోపలికి పోతోందని ఇస్త్రీ ఆయన చెప్పాడు. ఆవిడ ఉందనడానికి అదొక్కటే గుర్తు. గదిలో పొడుగాయన "శు... భ, శు... భ" అని గోడవైపు తిరిగి కూర్చుంటే కుర్రాడు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. ముందుకు తోసింది తనే.

శనివారం క్షమించమని చీటీ రాసి తలుపు కింద తోశాడు. మడత విప్పకుండానే అది బయటికొచ్చింది.

ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తుంటే ఇస్త్రీ ఆయన ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

"లైన్లో ఉన్నాడయ్యా! కొండదారిలో యాక్సిల్ విరిగి, సిగ్నల్ లేని చోట ఇరుక్కున్నాడట. అమ్మ ఎత్తట్లేదని నాకు చేశాడు. నేను పిలిస్తే పలకట్లేదు, మీరు రండి!"

కుర్రాడు ఫోన్ లాక్కుని మెట్లెక్కాడు. సగంలో నియమం గుర్తొచ్చి వెనక్కి చూశాడు. పొడుగాయన రెండేసి మెట్లు దాటుకుంటూ వస్తున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి మాట్లాడతాడంట" అంటూ ఫోన్ స్పీకరు పెట్టి తలుపు సందు దగ్గర పట్టుకున్నాడు.

"అమ్మా, నేనే. తలుపు తియ్యమ్మా."

ఏమీ వినపడలేదు. ఇస్త్రీ ఆయన కింద మెడెత్తి చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడి చెయ్యి నొప్పి పుట్టింది, మార్చుకున్నాడు. ఫోనులోంచి "అమ్మా" అని మళ్ళీ వచ్చింది. పొడుగాయన ఏదో అనబోయి, ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకున్నాడు. ఎంతసేపు గడిచిందో ఏమో, లోపల కుర్చీ కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ కదిలింది.

బొంగురుపోయిన గొంతు ఒకటి అడిగింది:

"ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ?"