సుద్దముక్కతో పెట్టిన టిక్కు

నత్త అని పేరు పెట్టింది అన్నే. ట్రైలర్లు అద్దెకిచ్చే ఆ యార్డులో ఇంకెవరైనా పది నిమిషాల్లో కారుకి ట్రైలర్ తగిలించి పంపేస్తారు. తమ్ముడికి ముప్పావు గంట పడుతుంది. కారు వెనకుండే ఇనుప గుండు మీద ట్రైలర్ ముక్కు సరిగ్గా కూర్చుందో లేదో వేలు పెట్టి తడుముతాడు. పిన్ను దింపి, పైకి లాగి, మళ్ళీ దింపుతాడు. ముక్కు ఊడినా రోడ్డులో గుచ్చుకోకుండా రెండు గొలుసుల్నీ దాని కిందుగా కత్తెరలా వేస్తాడు. కస్టమర్లు గడియారాలు చూసుకుంటుంటే అన్న, "మా నత్త దిగాడండీ, మీరు ఈలోగా భోంచేసి రావచ్చు" అని నవ్వేవాడు. నవ్వొచ్చే రోజు కాకపోతే వీపు మీద ఒకటి వేసేవాడు. నలభై ఆరేళ్ళ మనిషిని, పదిమంది ముందు.

అన్నకి చెయ్యి ముందు, మాట తర్వాత. తండ్రి పోయాక తమ్ముడికి ఇంత అన్నం పెట్టి పెంచింది కూడా ఆ చెయ్యే కనక నత్త ఏనాడూ ఎదురు చెప్పలేదు. కృతజ్ఞత అని తనకి తాను చెప్పుకునేవాడు. కృతజ్ఞతా కాదు, మర్యాదా కాదు, భయం. అన్న జీపు హారన్ గేటు దగ్గర వినబడితే చాలు, చేతిలో పానా జారిపోయేది.

అన్నీ సరిచూశాక నత్త జేబులోంచి సుద్దముక్క తీసి ట్రైలర్ ముక్కు మీద టిక్కు పెడతాడు. టిక్కు పడిందంటే ఇంకెవరూ ఏదీ చూడక్కర్లేదు, తాళాలు ఇచ్చేయడమే. అది ఆ యార్డు పద్ధతి. ఇన్నేళ్ళలో టిక్కు పడ్డ బండి ఒక్కటీ దారిలో ఆగలేదు.

ఆ పద్ధతి పూర్తిగా ఒంటబట్టింది ఒక్క పాపకే. పాప అంటే అన్న కూతురు, పాతికేళ్ళొచ్చినా యార్డులో అందరికీ పాపే. చిన్నప్పుడు గౌను మడిచి కట్టుకుని బాబాయి పక్కన చతికిలబడి గొలుసులు అందించేది. నత్త దానికి నాలుగు ముక్కల్లో చెప్పేవాడు: "బరువు పది వంతులైతే ఆరు ఇరుసుకి ముందు, నాలుగు వెనక. తోక బరువెక్కితే ముక్కు తేలిపోద్ది. ముక్కు తేలితే బండి ఊగుద్ది. ఊగినప్పుడు బ్రేకు జోలికెళ్ళకు, స్టీరింగు తిప్పకు. కాలు తీసేసి, గట్టిగా పట్టుకుని కూర్చో." పాప దాన్ని ఎక్కాల్లా వల్లించేది.

ఆ పాపే ఇప్పుడు వెళ్ళిపోతోంది. యార్డు వెనక షెడ్డులో ఇనుము తరిగే లేతు మిషన్ పెట్టుకుని పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుని నెలైంది. ఆ సంగతి తెలిసిన రోజున అన్న షెడ్డు తలుపులు రెండూ గొడ్డలితో నరికాడు. తర్వాత ఏమీ మాట్లాడలేదు, అదే నత్తని మరీ భయపెట్టింది. ఇంకో ఊళ్ళో చిన్న కొట్టు దొరికిందని, లేతు మిషన్ని అక్కడికి చేర్చిపెట్టమని పాప బాబాయినే అడిగింది. ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో పడుకునే వేళ చూసుకుని ముహూర్తం పెట్టుకున్నారు.

నత్త పొద్దున్నే నాలుగువైపులా మూసి ఉండే పెట్టె ట్రైలర్ ఒకటి ఎంచాడు. ఆరుగురు మోసే లేతుని పైపుల మీద దొర్లించి, దాని బరువైన తల ఇరుసుకి ముందు పడేలా చూసి, పైపులు లాగేసి, ఆరు బెల్టులతో కట్టాడు. ముక్కుని మోకాళ్ళ మీదికి ఎత్తి చూశాడు. నడుము కలుక్కుమంది. అంత బరువు ఉండాల్సిందే, బాగుందనుకున్నాడు. పాప కారుకి తగిలించాడు. గొలుసులు, పిన్ను, లైట్లు. సుద్దముక్కతో టిక్కు. పాప బట్టల సంచులు తేవడానికి ఆఫీసుగదిలోకి వెళ్ళింది.

అప్పుడు గేటు దగ్గర జీపు హారన్ మోగింది. ఎవరు చేరవేశారో, ఆ మధ్యాహ్నం అన్న పడుకోలేదు.

అన్న ఎవరినీ పలకరించలేదు. నేరుగా ట్రైలర్ వెనక్కి వెళ్ళి, తలుపు తెరిచి, లోపలికెక్కి కత్తితో బెల్టులన్నీ పరపరా కోసేశాడు. పాడైన కార్లని షెడ్డులోకి లాగే మోటారు ఒకటి గోడకి బిగించి ఉంది, దాని తాడు కొక్కెం తెచ్చి లేతుకి తగిలించి మీట నొక్కాడు. మిషన్ కీచుమంటూ వెనక్కి ఈడ్చుకుపోయింది. కింద పడేసి ముక్కలు చెయ్యాలని అతని ఉద్దేశం. తలుపు అంచుకి జానెడు దూరం ఉందనగా లేతు అబ్బాయి పరుగెత్తుకొచ్చి మోటారు ఆపేశాడు. కొక్కెం ఊడబెరికి, ట్రైలర్ తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

అన్న ఇనప రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకి లేతు అబ్బాయి అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది, ఎండుకర్ర విరిచిన చప్పుడే వచ్చింది. రెండో దెబ్బ చెవి మీద. అతను గోడకి కొట్టుకుని జారాడు, రక్తం కళ్ళలోకి కారుతోంది. మూడోసారి రాడ్డు లేచింది. నత్త వెనకనించి అన్న నడుము చుట్టేశాడు.

జన్మలో మొదటిసారి అన్న మీద చెయ్యి వేశాడు. అన్న అతన్ని విదిలించి, తిరిగి, రాడ్డు చివరతో మూతి మీద కొట్టాడు. దవడ పక్కకి జరిగిపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నత్త మట్టిలో పడి, పళ్ళూ నెత్తురూ కలిపి ఉమ్మాడు.

పాప బయటికొచ్చేసరికి కింద ఇద్దరున్నారు, తండ్రి ఒక్కడే నిలబడి ఉన్నాడు. అరవలేదు. మూలనున్న మంటలార్పే సిలిండర్ లాక్కొచ్చి తండ్రి మొహంలోకి వదిలింది. తెల్లటి పొడిలో అన్న దగ్గుతూ, గుడ్డిగా రాడ్డు తిప్పుతుంటే, మొగుణ్ణి చంకల కింద పట్టుకుని ఈడ్చి కారులో పడేసింది. డ్రైవర్ సీటువైపు పరిగెడుతూ ఒక్క క్షణం వెనక్కి చూసింది, ట్రైలర్ ముక్కువైపు.

నత్త ఆ చూపు చూశాడు. కారు వెనకభాగం పైకి తేలి ఉండడం కూడా చూశాడు. లేతు అంతా తోకలో ఉంది, తలుపుకి ఆనుకుని, ఒక్క బెల్టూ లేకుండా. అదేమీ పాపకి తెలియదు. తెలిసిన మొగుడికి స్పృహ సరిగా లేదు. పాపకి కనిపించింది టిక్కు ఒక్కటే, ఆ టిక్కు బెల్టులు కోయకముందుది. వద్దని అరవబోయాడు. నోట్లోంచి బుడగలు వచ్చాయి గాని మాట రాలేదు. పాప బాబాయి టిక్కుని నమ్మి, కారెక్కి, గేటు దాటిపోయింది.

తన చేత్తో పెట్టిన టిక్కే తన పిల్లని చంపబోతోంది. నత్త పాకుతూ జీపు దగ్గరికి వెళ్ళాడు. సుద్దముక్క తీసి బానెట్ మీద రాశాడు: బరువు వెనక.

అన్న కళ్ళు తుడుచుకుని చదివాడు. ఎంత మొరటువాడైనా పుట్టింది ఆ యార్డులోనే. రాడ్డు చేతిలోంచి జారింది. "పాప నడుపుతోందా?" అని మాత్రం అడిగి జీపులోకి దూకాడు. నత్త పక్కసీటులోకి ఎక్కి, చొక్కా చింపి దవడ కట్టుకున్నాడు.

ఊరు దాటాక రోడ్డు రెండు మైళ్ళ పొడవునా పల్లం, అడుగున ఏటి మీద వంతెన. మలుపు తిరగ్గానే ట్రైలర్ కనిపించింది. నిదానంగానే పోతోంది. ఆ వేగంలో ఉన్నంతసేపూ ఏమీ కాదని నత్త ఊపిరి పీల్చుకున్నాడు.

అన్న హారన్ మీద చెయ్యి తియ్యలేదు. లైట్లు ఆర్పి వెలిగించాడు. కిటికీలోంచి తల పెట్టి, "ఆపవే, ఆపు" అని గొంతు చించుకున్నాడు. కాపాడాలనే అరిచాడు పాపం, కాని అతనికి వచ్చిన అరుపు అదొక్కటే. కొట్టడానికొచ్చినా, కాపాడడానికొచ్చినా ఒకేలా వచ్చేవాడు.

ముందు కారు వేగం పెంచింది.

అన్న కూడా పెంచాడు. ట్రైలర్ తోక బెత్తెడు కుడికీ బెత్తెడు ఎడమకీ ఊగింది. తర్వాత మూరెడు. ఎదురొచ్చిన లారీ డ్రైవరు హడలిపోయి రోడ్డు దిగాడు. ఊగినప్పుడల్లా లోపలి లేతు ట్రైలర్ గోడల్ని గుద్దుతోంది, ఆ గుద్దు ఇక్కడికి వినిపిస్తోంది. నత్తకి అప్పుడు అర్థమైంది. పాప అద్దంలో తండ్రి జీపుని చూస్తోంది. జీపు ఎంత దగ్గరైతే అది అంత తొక్కుతుంది. వంతెన దాకా కూడా పోదు.

అన్న చెయ్యి పట్టి గుంజాడు, తగ్గించమన్నట్టు. "పోతున్నాగా, ఇంతకన్నా పోదు" అని అన్న కసిరాడు.

నత్త స్టీరింగు పక్కనున్న తాళంచెవి అందుకున్నాడు. అంత కంగారులోనూ అతను నత్తే. పూర్తిగా తిప్పి లాగేస్తే స్టీరింగు బిగుసుకుపోతుందని గుర్తు, అందుకని ఒక్క మెట్టు వెనక్కి తిప్పి అక్కడే పట్టుకున్నాడు. ఇంజను ఆగిపోయింది. అన్నకి పిచ్చెత్తింది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో గుద్దడం మొదలెట్టాడు. చెంప మీద, కంటి మీద, కట్టు కట్టిన దవడ మీద. దవడ మీద పడ్డప్పుడు నత్తకి లోకం తెల్లగా అయిపోయింది. అన్న వేళ్ళు విరగదీయబోతే రెండో చెయ్యి కూడా దాని మీద వేసి బిగించాడు. తాళం మాత్రం వదల్లేదు. ఇన్నేళ్ళు తిన్న దెబ్బలకి ఒళ్ళు అలవాటు పడి ఉండడం ఆ రోజు పనికొచ్చింది.

జీపు నెమ్మదించి, నెమ్మదించి, పక్కకొచ్చి ఆగింది. నత్త అప్పుడు తాళంచెవి లాగి కిటికీలోంచి ముళ్ళపొదల్లోకి విసిరేశాడు.

"చచ్చిపోద్దిరా అది," అన్నాడు అన్న. ఏడుస్తున్నాడు. "నా కూతురు చచ్చిపోద్ది. ఎందుకాపావురా?"

నత్త జేబులో వెతికాడు. సుద్ద నలిగి గోరంత మిగిలింది. అన్న ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద రాశాడు: నిన్ను చూసే.

అన్న చదివాడు. పెదాలు కదిలాయి. మళ్ళీ చదివాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది, కొట్టనూ లేదు, దించనూ లేదు.

అవతల ట్రైలర్ రోడ్డుకి ఈ చివరనించి ఆ చివరకి ఊగుతోంది. ఒక చక్రం అంచు దిగి రాళ్ళు ఎగజిమ్మింది. వెనక గోడ చీలింది. అయినా బ్రేకు లైట్లు వెలగలేదు. నత్త ఆ ఎర్రలైట్లవంకే చూస్తున్నాడు, వెలగొద్దు తల్లీ, వెలగొద్దు అనుకుంటూ. అద్దంలో జీపు చిన్నదై ఉంటుంది. పాప కాలు తీసినట్టుంది. ఊపు గజం అయింది, మూరెడు అయింది, బెత్తెడు అయింది. పల్లం అయిపోయి రోడ్డు చదునైన చోట, వంతెనకి వంద గజాల ఇవతల కారు దానంతటదే ఆగింది.

నత్త జీపు దిగి నడిచాడు. అన్న దిగలేదు. చాలా దూరం అది, రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. అతను వెళ్ళేసరికి పాప ట్రైలర్ ముక్కు దగ్గర నిలబడి ఉంది. పిన్ను తీసి, ముక్కుని ఒంటిచేత్తో పైకి లేపి పట్టుకుంది. అరడజను మంది మోసే మిషన్ ఉన్న బండి ముక్కు నీళ్ళ బిందెలా లేచింది.

"టిక్కు చూశాను బాబాయ్," అంది. "నీ టిక్కు చూసి, ఇంకేం చూడలేదు."

నత్త తల ఊపాడు. తనే ముందు ఆ టిక్కు చెరిపేయవలసింది. అన్న తలుపు తెరిచిన క్షణంలో, మీద పడి కొట్టేలోగా, బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచి ఉంటే సరిపోయేది. అది చెప్పడానికి నోరు లేదు. పాప కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. పాప అతని తల పొట్టకి హత్తుకుంది.

తర్వాత ముక్కుని మళ్ళీ గుండు మీద కూర్చోబెట్టి పిన్ను దింపారు. చక్రాల కింద రాళ్ళు పెట్టి, ముందువైపు చిన్నతలుపు తీసి, తెగిన బెల్టుల్లో పొడుగుదాన్ని మిషన్‌కీ ముందు కొక్కానికీ కట్టి, దాన్ని బిగించే గిలక తిప్పుతూ మిషన్ని అంగుళం అంగుళం ముందుకి లాగారు. లేతు అబ్బాయి కారులోంచి మూలుగుతూనే లెక్క చెప్పాడు, మిషన్ తల ఎక్కడ ఆగాలో. కోసిన బెల్టులకి ముడులేసి నాలుగువైపులా బిగించారు. గొలుసులు కత్తెరలా వేశారు. పిన్ను తీసి ముక్కుని ఎత్తబోతే ఈసారి ఇద్దరూ పట్టాకగాని లేవలేదు, మళ్ళీ దించి పిన్ను వేశారు.

నత్త పాత టిక్కుని బొటనవేలితో తుడిచేశాడు. కొత్తది పెట్టడానికి సుద్ద లేదు. పాప అడగలేదు. తనే వంగి పిన్ను తడిమింది, గొలుసులు లాగి చూసింది, ప్రతి ముడినీ చేత్తో పట్టి చూసింది. అంతసేపూ నత్త పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత వెనకసీటులో, అల్లుడి విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కారు వంతెన ఎక్కింది. పాప చూపు అద్దంలోనే ఉంది, కాలు బరువుగానే ఉంది.

"నాన్న వస్తున్నాడా?" అంది.

నత్త మెడ తిప్పి చూశాడు. దూరాన జీపు తలుపు తెరిచి ఉంది. అన్న రోడ్డు మీద నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ ఊరికే వేలాడేసుకుని. ముళ్ళపొదలు పక్కనే ఉన్నాయి, తాళం వెతకడం లేదు.

నత్త ముందుకి వంగి పాప భుజం మీద చెయ్యి వేసి, రావడం లేదన్నట్టు రెండుసార్లు తట్టాడు. పాప అప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు కొంచెం తీసింది.