లోర్నా చూసుకుంటుంది

వాల్బర్గ్ ఊళ్ళో ఏ పని అడ్డం తిరిగినా జనం అనే మాట ఒకటే: "లోర్నా చూసుకుంటుందిలే." మంచు పడి కరెంటు పోయినా, పిల్లలకి పట్టాలిచ్చే పండుగనాడు కుర్చీలు చాలకపోయినా, హాలు పైకప్పు కారినా లోర్నా హ్రూస్కాయే చూసుకునేది. యూనివర్సిటీ హాలుకి ఆవిడ మేనేజరు. ఏ రోజు ఎవరికి హాలు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆవిడే తేల్చేది. ఆ మాట ఇన్నేళ్ళుగా విని విని ఆవిడకి కాస్త ఒళ్ళు పొంగిన మాట నిజం. ఈ మార్చిలో మాత్రం అదే మాట ఎక్కడ వినబడినా చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

ఆ ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడిపోతోంది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంటులో ఎవరు ఎవరితో ఆడాలో కమిటీ వాళ్ళు టీవీలో చెప్పే రోజది. హాలు మధ్యలో పెద్ద తెర కట్టారు. చర్చి ఆడవాళ్ళు చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ళ కూర వండి, దాంట్లోకి దాల్చినచెక్క రోల్స్ చేసి తెచ్చారు. జట్టు పిల్లలు ముందు వరసలో ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. లోర్నా ఏదో పనున్నట్టు తలుపు దగ్గరే నిలబడింది.

టోర్నమెంటులో కమిటీ వాళ్ళు జట్లని నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపులో బలాన్ని బట్టి ఒకటి, రెండు అని వరసగా సీడ్లు ఇస్తారు. నాలుగు గుంపుల్లోనూ మొదటి నాలుగు సీడ్లలో ఉన్నవాళ్ళు మొదటి రెండు ఆటలూ సొంత ఊళ్ళో, సొంత నేల మీద ఆడుకోవచ్చు. మొత్తం పదహారు జట్లకే ఆ భాగ్యం. వాల్బర్గ్ ఆడపిల్లలకి అది పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ దక్కలేదు. ఈ ఏడు దక్కేట్టుందని ఊరంతా సంబరపడుతోంది. ఫిబ్రవరిలోనే కమిటీ ముందుగా చెప్పిన పదహారు పేర్లలో వీళ్ళదీ ఉంది.

"ఏమ్మా డెలానీ, ఇంటి ఆట అయితే నాకు రెండు సీట్లు ఇప్పించాలి. ఒకటి నాకు, ఒకటి నా పొట్టకి," అని వెనక నుంచి మంగలి ఎర్ల్ అరిచాడు.

"మీ పొట్టకి ఒకటి చాలదు ఎర్ల్ గారూ, వరస మొత్తం కావాలి," అంది డెలానీ, తల తిప్పకుండానే. ఆ అమ్మాయి జట్టు కెప్టెన్. చదువు ఈ ఏడుతో అయిపోతుంది. ఇంటి నేల మీద ఆడితే ఇప్పుడే ఆడాలి, ఇంకెప్పుడూ లేదు. జట్టులో అలాంటి వాళ్ళు నలుగురున్నారు.

అందరూ నవ్వారు. లోర్నా నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు. ఆ వారాంతం హాలు ఖాళీ లేదని ఆవిడకి తెలుసు, ఆ సంగతి జట్టులో ఎవరికీ చెప్పలేదు.

జరిగిందేమిటంటే, పోయిన వేసవిలో వెర్లిన్ స్టూర్ అనే పెద్దాయన వచ్చాడు. ఏటా మార్చిలో పాత ట్రాక్టర్ల ప్రదర్శన పెట్టేది ఆయనే. సంతమైదానం షెడ్డు చలికాలం మంచుకి కూలిపోయింది, ఈసారికి హాలు ఇమ్మన్నాడు. ఇస్తూ ఇస్తూ ఉండగా ఆయనే ఓ మాట అడిగాడు: "అమ్మాయ్, ఆ వారం మన ఆడపిల్లలకి టోర్నమెంటు ఆట పడితేనో?" లోర్నా పకపకా నవ్వింది. "మన పిల్లలకా? మార్చిలోనా? వాళ్ళకంత సీను లేదు వెర్లిన్ గారూ. మీ ట్రాక్టర్లు హాయిగా పెట్టుకోండి." ఆఫీసులో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. వెర్లిన్ మాత్రం నవ్వలేదు.

అన్నదెవరనుకున్నారు? అదే కాలేజీలో, అదే ఆట ఆడిన మనిషి! ఆవిడ చదివే రోజుల్లో ఆఖరి ఆటకి హాలు మగపిల్లల కుస్తీ పోటీలకి ఇచ్చేసి, వీళ్ళని హైస్కూలు జిమ్ముకి తోలారు. ఆ రోజు బూట్లు విసిరికొట్టి, ఏనాటికైనా ఈ హాలు తాళాలు నా చేతికొస్తే చూపిస్తాను అనుకుంది. తాళాలు వచ్చాయి. తన జట్టు పిల్లలకే అంత సీను లేదంది.

ఫిబ్రవరిలో పదహారు పేర్లు బయటికొచ్చిన రోజు కోచ్ పట్రీస్ పరిగెత్తుకొచ్చింది. "హాలు మనకే కదే? ట్రాక్టర్ల గోల ఏదో ఉందన్నారు?"

"నేను చూసుకుంటాగా," అంది లోర్నా.

చూసుకోవడం అంటే వెర్లిన్‌కి ఫోన్ చేసి, వారం అటో ఇటో జరుపుకోమని అడగడమే. ఒక్క ఫోను. కానీ ఆ ఫోను చేస్తే, ఆ రోజు నవ్విన నవ్వు మింగాలి. ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయన మొహం కళ్ళ ముందుకొచ్చేది. రేపు చేద్దాంలే అనుకునేది. ఈలోగా టోర్నమెంటు వాళ్ళు హాలు సంగతి అడిగారు. హాలు లేకపోతే ఆటలు వెనకున్న జట్టు ఊరికి పోతాయని తెలిసీ, వాళ్ళకి ఖాళీ లేదని చెప్పేసి, ఎలాగూ పిల్లలు ఎక్కడో ఒకచోట ఓడి కిందికి జారతారు, ఈ గొడవే ఉండదు అనుకుంది. అనుకుని ఊరుకుంటే పోయేది. రాత్రి పడుకోబోయే ముందు దేవుడికి దణ్ణం పెట్టి మరీ అడిగింది, వాళ్ళు ఓడిపోవాలని.

వాళ్ళు ఓడిపోలేదు. లీగు ఫైనల్లో ఆఖరి క్షణంలో డెలానీ వేసిన బంతి రింగు మీద రెండు సార్లు ఎగిరి లోపల పడింది. బెంచీ వెనక కూర్చున్న లోర్నా మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"వాల్బర్గ్!" అని టీవీలో పేరు వినబడగానే హాలు కప్పు లేచిపోయినంత పనైంది. నాలుగో సీడ్! పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఎర్ల్ కుర్చీ ఎక్కేశాడు. ఎవరో చిల్లీ గిన్నె తన్నేశారు.

తెర మీద జట్ల పేర్ల కింద ఆట ఎక్కడో చిన్న అక్షరాల్లో వేశారు. దాన్ని మొదట చదివింది చర్చి పియానో వాయించే ముసలావిడ.

"కారిగన్‌లో అని వేశారేమిటి?"

ఒక్కొక్కరే తెర వైపు తిరిగారు. కారిగన్ వీళ్ళకన్నా వెనకున్న జట్టు, ఐదో సీడ్. బస్సులో మూడు గంటల దారి. కేకలు ఆగిపోయాయి. తరవాత అన్ని తలలూ తలుపు వైపు తిరిగాయి, ఎప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా తిరిగినట్టే.

"మిస్ లోర్నా," అంది డెలానీ, ఇంకా నవ్వుతూనే, "తెర మీద తప్పు పడింది కదండీ?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. అందరూ వినడానికి సిద్ధంగా ఉన్నారు.

"కమిటీ వాళ్ళ నిర్ణయం," అంది. "మన చేతుల్లో ఏముంది?"

ఇంకేం కావాలి! హాలంతా కమిటీ మీద విరుచుకుపడింది. మనది చిన్న ఊరని లోకువ కట్టారన్నారు. పెద్ద కాలేజీలకే అన్నీ అన్నారు. ఎర్ల్ కుర్చీ మీంచే శాపనార్థాలు మొదలెట్టాడు. ఎవరో వచ్చి లోర్నా భుజం తట్టి, "నువ్వు మాత్రం ఏం చేస్తావు, పాపం," అన్నారు. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ ఆవిడ ఊపిరి తీసుకోలేదు. అంత సిగ్గులేని పని తాను జన్మలో చెయ్యలేదని ఆవిడకి తెలుసు. అయినా నోరు విప్పలేదు.

జనం వెళ్ళిపోయాక కుర్చీలు మడుస్తుంటే వెర్లిన్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తానూ ఓ కుర్చీ మడిచి గోడకి చేర్చాడు.

"కమిటీ నిర్ణయమా అమ్మాయ్?" అన్నాడు.

లోర్నా ఇంకో కుర్చీ మడిచింది.

"నీ ఫోన్ కోసం చూశాను. మా వాళ్ళందరితోనూ ముందే మాట్లాడి పెట్టుకున్నాను కూడా. పై వారమైనా మాకొకటే. ట్రాక్టర్లేమన్నా పాలా, విరిగిపోడానికి?"

"మరి మీరే ఓ మాట చెప్పుండొచ్చుగా!" అంది లోర్నా. అనగానే నాలిక కరుచుకుంది.

"చెప్పుండొచ్చు. నాదీ మొండితనమే, కాదన్ను. కానీ ఆ రోజు అంత నవ్వు నవ్వావు చూడు, ఆ మాట నీ నోటితోనే వెనక్కి తీసుకుంటావని కూచున్నాను. మా మనవరాలు ఈ పిల్లల్ని చూసే బంతి పట్టింది. నువ్వలా అన్నావని దానికి ఇప్పటిదాకా చెప్పలేదు." టోపీ పెట్టుకున్నాడు. "ఒక్క మాట అడిగితే అయిపోయేది కదమ్మా."

ఇద్దరూ ఇద్దరే. కానీ ఆయన ట్రాక్టర్ల మనిషి. పిల్లల్ని చూసుకోవాల్సింది ఆయన కాదు.

గురువారం పొద్దున హాల్లో నేల విప్పుతున్నారు. ఆట నేలంటే కొయ్య పలకలు, ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ట్రాక్టర్ల బరువు వాటి మీద పడకూడదని పనివాళ్ళు ఒక్కో పలకా లేపి బండి మీద పేరుస్తున్నారు. మధ్య వలయం అప్పటికే రెండు ముక్కలైంది. బయట జట్టు బస్సు సిద్ధంగా ఉంది. సామాన్లతో వచ్చిన పిల్లలు తలుపులోంచి లోపలికి తొంగి చూసి, మాట్లాడకుండా బస్సెక్కారు.

లోర్నా వెళ్ళి బస్సు మెట్లెక్కి ముందు నిలబడింది. ఈసారి ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది.

"కమిటీ తప్పేం లేదమ్మా. హాలు నేనే ఇచ్చేశాను, పోయిన వేసవిలో. మీకు అవసరం పడుతుందని అనుకోలేదు. తరవాత వెనక్కి అడగాల్సింది, అడగలేదు. అడిగితే ఇచ్చేవారు. మీకు ఇంటి ఆట లేకుండా చేసింది నేను."

కోచ్ పట్రీస్ మొహం పాలిపోయింది.

"నేనడిగినప్పుడల్లా చూసుకుంటున్నానన్నావు," అంది. "ఎదురుగా నిలబడి అన్నావు లోర్నా."

"అన్నాను."

"దిగు. మాకు టైమవుతోంది."

దిగింది. వెనకే ఎవరో దిగిన చప్పుడైతే తిరిగి చూసింది. డెలానీ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"కోచ్ కోపం కొన్నాళ్ళు ఉంటుంది. నాకూ ఉంది, లేదని చెప్పను," అంది. "కానీ మిస్ లోర్నా, ఫైనల్లో ఆ బంతి పడ్డాక నేను మొదట మీ వైపే చూశాను. మీరు ఎంత ఏడ్చారో! మా అమ్మక్కూడా ఫోన్ చేసి చెప్పాను, మాకోసం అంతలా ఏడ్చే మనిషి ఉంది మా ఊళ్ళో అని. హాలుదేముంది? ఇంటి జట్టు వేసుకునే తెల్ల జెర్సీ ఎలాగూ మాదే, పై సీడ్ మాది కదా. వాళ్ళ నేల మీద మా జెర్సీతో ఆడి వస్తాం." అని ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది.

లోర్నాకి ఆ కౌగిలి హాయిగా ఉంది. అలాగే ఉండిపోతే చాలు. పిల్ల క్షమించి వెళ్ళిపోతుంది, ఏడుపు సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. డెలానీ చేతులు మెల్లగా విడిపించింది.

"అది సంతోషంతో కాదు తల్లీ."

"ఏది?"

"ఆ ఏడుపు. మీరు ఓడిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఓడిపోతే హాలు సంగతి బయటపడదని. బంతి లోపల పడింది, నా బతుకు బయటపడుతుందని భయమేసింది. అందుకు ఏడ్చాను."

డెలానీ ఆవిడ మొహంలోకి చూసింది. అబద్ధమేమో, ఇంకో మాట వస్తుందేమో అన్నట్టు చూసింది. రాలేదు. హాల్లో పనివాడెవరో పలక జారవిడిస్తే పెద్ద చప్పుడైంది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఇంకెవరికైనా చెప్పారా ఇది?" అంది చివరికి.

"లేదు. వాళ్ళకీ చెబుతాను. ఇప్పుడే వచ్చి..."

"వద్దు," అంది డెలానీ. గొంతు చిన్నదైపోయింది. "చెప్పకండి. నాతో ఆగిపోనివ్వండి. లోపల మొదటి సంవత్సరం పిల్లలున్నారు. వాళ్ళు ఇంకా మూడేళ్ళు ఈ హాల్లో ఆడాలి. మీరు బెంచీ వెనక కూర్చుంటే, మీరు తమ వైపే అనుకోవాలి వాళ్ళు."

బస్సెక్కింది. ఇటువైపు కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా అవతలి వైపు వెళ్ళి కూర్చుంది. లోపల చిన్నపిల్ల ఒకతె లోర్నాకి చెయ్యి ఊపింది. లోర్నా కూడా ఊపింది. ఊపక తప్పదు కదా.

బస్సు మలుపు తిరిగాక, వెర్లిన్ మొదటి ట్రాక్టరు వెనక్కి వెనక్కి వస్తూ హాలు పెద్ద తలుపు ముందు ఆగింది. తలుపు తియ్యమని ఆయన చెయ్యెత్తాడు. తాళాలు లోర్నా దగ్గరే ఉన్నాయి. వెళ్ళి తీసింది.