వేసిన గుడారాలు పీకించిన పిల్ల

సరస్సుల్లో దానంతటదే పెరిగే నీటి వరి గింజల్ని పడవల్లోకి దులిపే రోజులొస్తే వెర్నా ఇంటివాళ్ళు రెండు పడవల్లో బయలుదేరతారు. దారిలో ఒక రాత్రి ఎక్కడో ఒక ఒడ్డున దిగక తప్పదు. ఆ ఒడ్డు ఎంచడం ఎప్పుడూ ఆమె అన్న లోర్న్ పనే. ఈ ఏడు మాత్రం అతను రేవులో అందరూ వినేలా, “ఈసారి చోటు చూసేది నా మేనకోడలే. నేను కాళ్ళు చాపుక్కూర్చుంటా” అన్నాడు.

వెర్నా కూతురు జోలీన్‌కు పంతొమ్మిదేళ్ళు. పిల్ల తడబడితే అన్న ఏడాది పొడవునా ఆటపట్టిస్తాడని వెర్నాకు తెలుసు.

సరస్సుకీ సరస్సుకీ మధ్య తేలికపాటి పడవల్ని నెత్తికెత్తుకుని, రాళ్ళ బాటన నడిచి, వరి సరస్సుకు ముందున్న సరస్సులోకి దిగేసరికి పొద్దు వాలుతోంది. పడమటి గాలి లేచింది. అందరి భుజాలూ పడిపోయాయి. ఎదురుగా వంపులో తెల్లటి ఇసుక మెరిసింది.

“మా నాన్న దిగిన చోటదే,” అన్నాడు లోర్న్ పక్క పడవలోంచి. “నేను చెప్పడం లేదులే. ఊరికే అంటున్నా.”

జోలీన్ ఒడ్డుకు దూకి పొదల్లోకి వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చేసింది. “ఇక్కడొద్దు మామయ్యా. నేరేడు లాంటి పళ్ళ పొదలన్నీ విరిగున్నాయి. ఎలుగుబంటి పెంట ఇంకా తడారలేదు.”

“ఎలుగుకి మర్యాద తెలుసు. మనల్ని చూస్తే అదే పోతుంది.”

“అది ముందొచ్చింది. పోవాల్సింది మనమే.”

లోర్న్ భార్య బెర్నీస్ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని పకపకా నవ్వింది. మళ్ళీ తెడ్లు పడ్డాయి. గాలికి ఎదురీది, నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన రాతి కొమ్ము చుట్టూ తిరిగారు. దాని వెనక నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పడవలు లాగడానికి నున్నటి బండ, పైన చదునైన నేల. “ఇదీ,” అంది జోలీన్. లోర్న్ అందరికంటే ముందు తన పడవను బండ మీదికి లాగాడు. అతని దగ్గర అది మెచ్చుకోలే.

గుడారాలు లేచాయి. పొయ్యి రాజుకుంది. బెర్నీస్ రొట్టెకు పిండి కలుపుతోంది. లోర్న్ బూట్లు విప్పి, అరికాళ్ళు మంటకు చూపించి, “అబ్బ!” అన్నాడు.

అప్పుడు చూసింది వెర్నా. కూతురు గుడారాల మధ్య నిలబడి తల వెనక్కి వాల్చి ఉంది. ఆ పక్కనున్న పెద్ద పైన్ చెట్టు పచ్చగానే ఉంది కానీ, సగం పైన కాండం నిలువునా చీలింది. ఒడ్డుకు వస్తుంటే కొమ్మల చాటున ఎవరికీ కనబడలేదు. జోలీన్ మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం ఆమె మంట వైపూ, మామయ్య కాళ్ళ వైపూ చూసింది. ఏమీ అనకపోతే ఎవరికీ తెలియదు.

“నేను పొరబడ్డాను,” అంది గట్టిగా. “లేవండి. గుడారాలు అటు పొట్టి చెట్ల దగ్గరికి మార్చాలి.”

“ఏంటీ! టీ మరుగుతోందే!”

“టీ కూడా వస్తుంది మామయ్యా.”

“ఆ చెట్టు నేను పుట్టకముందు నుంచీ నిలబడుంది!”

“ఈ రాత్రి కూడా నిలబడొచ్చు. దాని కింద మాత్రం మీరు పడుకోరు.”

లోర్న్ చెల్లెలి వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. వెర్నా అప్పటికే ఒక గుడారం మేకు పీకి పట్టుకుంది. అతను గొణుక్కుంటూ తడి బూట్లు మళ్ళీ తొడుక్కున్నాడు. కొత్త చోట నేల ఎత్తుపల్లాలు. వేర్లు వీపుకు గుచ్చుకుంటాయి. జోలీన్ అందరికంటే గుచ్చుకునే మూల తనకు ఉంచుకుంది.

భోజనాలవుతూనే వాన కొట్టింది. గాలికి పొట్టి చెట్లు ఒకదానికొకటి ఒరుసుకున్నాయే గానీ గుడారం గుడ్డ కూడా పెద్దగా అదరలేదు. దూరంగా ఆ పైన్ చెట్టు మూలగడం వినిపిస్తూనే ఉంది. వెర్నా కూతురి వైపు తిరిగి పడుకుంది.

“మామయ్యకి కోపమొచ్చిందా అమ్మా?”

“వస్తే రానీ. నాకైతే రాలేదు.”

తెల్లారి చూస్తే చెట్టు ఎక్కడిదక్కడే ఉంది. లోర్న్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. “నా వీపు విరిగింది గానీ నీ చెట్టు విరగలేదే!”

“విరగనందుకు బాధపడుతున్నారా?” అంది జోలీన్ రొట్టె నములుతూ.

బెర్నీస్ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. “ఇన్నేళ్ళు ఈయన వెంట తిరిగాను. బురదలో పడుకున్నాను, చీమల మీద పడుకున్నాను. ‘పొరబడ్డాను, లేవండి’ అన్న మాట ఈయన నోట ఒక్కసారైనా విన్నానా? అడుగు మీ మామయ్యని.”

లోర్న్ టీ గ్లాసు ఖాళీ చేసి, తన మూటతో పాటు మేనకోడలి మూట కూడా పడవలో పెట్టాడు.

మధ్యాహ్నానికి వరి సరస్సు చేరారు. అప్పటికే వచ్చిన చుట్టాలు ఒడ్డుకొచ్చి పడవలు పట్టుకున్నారు. ఆ గాలివానలో ఎక్కడ దిగారని ఎవరో అడిగారు.

“మా పిల్లనడగండి!” అన్నాడు లోర్న్ ఇంకా నీళ్ళలో ఉండగానే. “నాలాంటివాణ్ణి, కాళ్ళు కాచుకుంటున్నవాణ్ణి లేపి, వేసిన గుడారాలు పీకించింది! చెట్టు ఇంత లావు, చీలిక నా చెయ్యి పట్టేంత...” చేతులు చాపిన కొద్దీ చెట్టు లావెక్కుతోంది.

వెర్నా సరిదిద్దలేదు. అన్న ఇంకో గుంపు దగ్గరికెళ్ళి మొదట్నుంచీ మొదలుపెడితే, పని ఉన్నదానిలా ఆమె కూడా వెనకే వెళ్ళి నిలబడింది, మళ్ళీ వినడానికి.