ఐసు పెట్టె మీద అత్త

మా రేవులో చేపలు కొనే ఆసామిని గొడుగాయన అంటాం. పొద్దున్నే వస్తాడు గానీ కొనడు. "ఎండ కాస్త ఎక్కనీ, చూద్దాం" అంటూ గొడుగు కింద నిలబడతాడు. ఎండ ముదిరితే చేప మెత్తబడుతుంది, ఇక అతను చెప్పిందే ధర. ఇరవై ఏళ్లుగా మా అత్త ఆ ధరకే తట్ట దించింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో గొడుగాయన మీద కోపం కోడలి మీద.

ఈమధ్య మహిళల పథకం కింద ఇంటికో ఐసు పెట్టె ఇచ్చారు. ఒక వరస ఐసు, ఒక వరస చేపలు పేర్చాలని శిక్షణకు వచ్చిన మేడం చూపిస్తుంటే అత్త మూతి విరిచింది.

"చేపలకు పరుపులంట. మనకేమో చిరిగిన చాప."

మర్నాడు మాత్రం చెప్పినట్టే పేర్చి, మూతేసి, దాని మీదే కూర్చుంది. రేవులో ఆవిడ కూర్చోవడం నేను చూడడం అదే మొదలు. గొడుగాయన ఎప్పటిలాగే నిలబడ్డాడు. తొమ్మిదైంది, పదైంది. అతని వ్యాను డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. చివరికి గొడుగు ముడిచి దగ్గరికొచ్చాడు.

"ఎంతకిస్తావు, అక్కా?"

ధర చెప్పడమే తప్ప అడగడం ఎరగని మనిషి.

అత్త మూత మీంచి లేవలేదు.

"తొందరేముంది బాబూ, ఎండ కాస్త ఎక్కనీ."